కంటి చదువు

మా ఇంట్లో ముగ్గురం ఫ్రెంచి నేర్చుకున్న ఎండాకాలం అది. సరదాకి నేర్చుకున్నాం అనుకునేరు. సరదా అనేది మా గడప తొక్కడం మానేసి అప్పటికే చాలా రోజులైంది. మా అక్క పరాయి దేశంలో ఒక రొట్టెల కొట్లో పనిచేస్తూ, జబ్బు చేసి, చలికాలం చివర్లో పోయింది. మేం బయల్దేరడానికి కాగితాలు కుదిరేలోపు అక్కడే అంత్యక్రియలన్నీ అయిపోయాయి. దాన్ని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది ఆ కొట్టు యజమానురాలు, ఒక ముసలావిడ. ఆవిడకి వచ్చిన భాష ఫ్రెంచి ఒక్కటే.

అక్క పోయిన రోజు ఏదో ఆఫీసు వాళ్లు ఒక దుబాసీని మధ్యలో పెట్టి ఆవిడతో ఫోన్ కలిపారు. ఆవిడ ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, మధ్యలో ఆగుతూ చాలాసేపు మాట్లాడింది. దుబాసీ అంతా విని గొంతు సవరించుకుని, "మీ అమ్మాయి పెద్దగా బాధ పడలేదటండీ. చాలా మంచి పిల్లట. ఆవిడ తన సానుభూతి తెలుపుతున్నారు" అన్నాడు.

"మిగతాది?" అన్నాడు నాన్న.

"సారాంశం అదేనండీ."

మా నాన్న పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. జీవితమంతా రాతప్రతి ఒక పక్కన, అచ్చు కాగితం ఒక పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఇందులో లేకపోతే పట్టుకోవడమే ఆయన పని. ఒక వాక్యం ఎగిరిపోయిందంటే ఆయనకి అన్నం సయించదు. అలాంటి మనిషికి ఆ రోజు కన్నకూతురి చావు సారాంశంగా అందింది. ఫోన్ పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చుని, "అంతసేపు మాట్లాడిందే. అవన్నీ ఎక్కడికి పోయాయి?" అని మమ్మల్నే అడిగాడు.

అసలు బాధ అది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్లుగా నాన్న అక్కతో మాట్లాడలేదు. ప్రెస్సు వాళ్లని బతిమాలి తన పక్క కుర్చీలో దానికి ఉద్యోగం వేయించాడు. తన తర్వాత తన ఎర్ర పెన్ను అందుకుంటుందని ఊరంతా చెప్పుకున్నాడు. అది కొన్నాళ్లు కూర్చుంది. తర్వాత ఒకరోజు లేచి, రొట్టెలు చెయ్యడం నేర్చుకుంటానని వెళ్లిపోయింది. "అచ్చు అక్షరం వదిలేసి పిండి పిసకడానికి పోయింది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే నాతో మాట" అన్నాడు నాన్న. అన్నాడంటే అన్నాడే. అది నా ఫోన్‌కి చేసేది, నేనూ అమ్మా మాట్లాడేవాళ్లం. నాన్న పక్క గదిలో పేపరు తిప్పుతున్నట్టు నటిస్తూ చెవులన్నీ ఇటే పెట్టేవాడు. అక్క కూడా చివర్లో అడిగేది, "ఆయన ఉన్నాడా పక్కన?" అని. జబ్బు సంగతి మాత్రం మా ఇద్దరికీ చెప్పలేదు. జ్వరం అంది, తగ్గిపోతుంది అంది.

ఇక ఇప్పుడు నాన్నకి ఒక్కటే కావాలి. "పోయేముందు నన్ను తలుచుకుందా, తిట్టుకుందా? తిట్టుకున్నా సరే. ఆ మాట ఆవిడ నోటి నుంచి నేను వినాలి. మధ్యలో ఎవడూ ఉండకూడదు" అన్నాడు.

ఉత్తరం రాద్దామంటే ఆవిడకి చూపు దాదాపు పోయింది. ఫోన్ చేసి మాట్లాడ్డమొక్కటే దారి. మాట్లాడాలంటే భాష రావాలి. అలా మొదలైంది మా ఇంట్లో చదువు.

మొదట నేను తెలివి చూపించబోయాను. నేను మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను, రోజంతా ఫోన్‌లోనే అన్నీ వెతుకుతుంటాను. "నాన్నా, దీనికి భాషే రానక్కర్లేదు. ఆవిడ మాట్లాడుతుంటే ఫోనే తెలుగులోకి మార్చేస్తుంది" అన్నాను.

"అది కూడా మధ్యవర్తే. దుబాసీ అయితే కనీసం గొంతు సవరించుకున్నాడు."

పంతానికి పోయి, అక్క పోయాక ఆవిడ నాకు పంపిన ఒక వాయిస్ మెసేజ్‌ని మార్చి చూపించాను. ఆవిడకి పళ్లు లేవు, మాట తడబడుతుంది. ఫోన్ కాసేపు ఆలోచించి, "నా పొయ్యికి వాన పెళ్లి" అని చూపించింది. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని నాకేసి చూశాడు. నేనింక ఆ ఊసెత్తలేదు.

ఆయన పాత పుస్తకాల దుకాణంలో వెతికి వెతికి ఒక లావుపాటి వ్యాకరణం తెచ్చాడు. అట్ట ఊడిపోయింది, అంచులు గోధుమరంగుకి తిరిగాయి. దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, కొత్త పెన్సిలు చెక్కుకుని, మొదటి పాఠం తీశాడు. నేను ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. బొమ్మలు వస్తాయి, సరిగ్గా చెప్తే గంట మోగుతుంది.

"ఆడుకుంటూ నేర్చుకుంటే ఆటే వస్తుంది, భాష రాదు" అన్నాడు నాన్న.

"మరి అట్ట లేని పుస్తకంతో ఏమొస్తుంది?"

"చదువు వస్తుంది. కంటితో చూసి, చేత్తో రాసి నేర్చుకున్నదే నిలుస్తుంది."

అమ్మ ఈ వాదన అంతసేపూ కుట్టు మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలకి కాజాలు వేస్తోంది. దారం పళ్లతో కొరికి, "ఒసే, పాటల్లాగా వినేవి ఉండవా? పని చేసుకుంటూ వినేవి" అంది నన్ను.

అద్దం పగిలిన నా పాత ఫోన్ ఒకటి ఉంటే, అందులో వినే పాఠాలు ఎక్కించి మిషను పక్కన కిటికీలో పెట్టాను. ఒక మగాయన ఏదో అంటాడు. ఒక ఆడావిడ అదే మళ్లీ అంటుంది. తర్వాత కాస్త ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో అమ్మ అనాలి. మొదటి రోజు సిగ్గుపడింది. రెండో రోజు పెదవులు కదిలించింది. మూడో రోజుకల్లా మిషను చప్పుడుని మించి వినపడేది.

నాన్నకి ఇది చిన్నతనంగా తోచింది. "రాత లేని చదువేం చదువు? గాలికి వచ్చింది గాలికే పోతుంది" అన్నాడు.

"మీ పెద్దకూతురు మొట్టమొదట 'నాన్న' అన్నప్పుడు ఏ పుస్తకం చూసి అందండీ?" అంది అమ్మ, చక్రం తిప్పుతూనే.

నాన్న తల దించుకుని పుస్తకంలో పడ్డాడు.

ఎండలు ముదిరాయి. నేను షాపు నుంచి వచ్చేసరికి ఇల్లంతా గుసగుసగా ఉండేది, వంటగదిలో ఒక భాష, బల్ల దగ్గర ఒక భాష. రెండూ ఫ్రెంచే, కానీ ఒకదానికొకటి చుట్టరికం ఉన్నట్టు అనిపించేది కాదు. నాన్న ప్రతి అక్షరాన్నీ పలికేవాడు. 'చాలా' అనడానికి వాళ్లు వాడే 'బోకూ' అనే మాట చూసి ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "ఎనిమిది అక్షరాలు అచ్చువేసి నాలుగు పలకమంటారా? మిగతా నాలుగూ ఎందుకున్నట్టు? ఇలాంటి పుస్తకం నా దగ్గరికి వస్తే సగం పేజీ కొట్టేసి పంపేవాణ్ని" అన్నాడు.

"చివరిది మింగెయ్యాలండీ" అంది అమ్మ లోపల్నించి.

"నేను అక్షరాలు మింగే మనిషిని కాదు."

నా సంగతి చెప్పుకోకపోవడం మంచిది. నా యాప్‌లో గుర్రాలు యాపిల్ పళ్లు తినేవి, పిల్లులు ఉత్తరాలు రాసేవి. రోజూ గంట మోగించుకుని సంతోషపడేదాన్ని. ఎక్కడో చదివి, ఇంట్లో ప్రతి వస్తువుకీ దాని ఫ్రెంచి పేరు రాసిన చీటీ అంటించాను. తలుపుకి తలుపు, కుర్చీకి కుర్చీ, కిటికీకి కిటికీ. నాన్న ఎర్ర పెన్ను పట్టుకుని నా వెనకాలే తిరిగి చీటీల్లో తప్పులు దిద్దాడు. అక్క మంచం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. దాని మీద ఇప్పుడు అమ్మ కుట్టిన యూనిఫారాల దొంతరలున్నాయి. మంచానికి ఏమంటారో నాకు తెలుసు. 'మంచం' అని రాసి అంటిస్తే సరిపోతుంది. అయినా చెయ్యి రాలేదు. నాన్న నా చేతిలో చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ముసలావిడ అప్పుడప్పుడు నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్‌లు పంపేది. మాకు అర్థం కావని ఆవిడకి తెలుసో లేదో. బహుశా అక్క లేని కొట్లో ఒక్కతే కూర్చుని ఎవరితోనో ఒకరితో మాట్లాడాలని ఉండేదేమో. అమ్మ వాటిని తన పాత ఫోన్‌లోకి పంపించమంది. పాఠాలు ఒకసారి, ఆవిడ మాటలు ఒకసారి. అవే మళ్లీ మళ్లీ, కాజా తర్వాత కాజా, చొక్కా తర్వాత చొక్కా. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ దగ్గుతుందో కూడా అమ్మకి తెలిసిపోయింది.

ఒక సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగా అమ్మ మిషను ఆపి లేచి నిలబడింది. "ఆవిడకి అక్కడ వానలట" అంది. "పిండి పొంగలేదట."

"ఎవరు చెప్పారు?"

"ఆవిడే చెప్పింది." అమ్మ ముఖం చూస్తే నాకు భయమేసింది, అంత వెలుగుంది అందులో. "అది మన వానపెళ్లి మెసేజేనే. అందులో దాని సంగతి కూడా ఉంది. దాని చేతులు చల్లగా ఉండేవట. పిండి కలిపేవాళ్లకి చల్లటి చేతులుండాలట. అలాంటి చేతులు తన జన్మలో చూడలేదంది."

నాన్న బల్ల దగ్గర్నించి లేచి వచ్చాడు. "చల్లటి చేతులా? మన దానివా?"

"అవునండీ."

"మరి నాకు తెలీదే." ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "నాకెందుకు తెలీదు?"

నాన్న ఆ మెసేజ్ పెట్టమన్నాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని విన్నాడు. 'చెయ్యి' అనే మాట, 'చల్లన' అనే మాట పుస్తకంలో వెతికి పట్టుకుని వాటి మీద వేళ్లుంచి మళ్లీ విన్నాడు. ఆ రెండు మాటలూ ఆవిడ నోట్లో ఎక్కడ వెళ్లిపోతున్నాయో ఆయనకి అందలేదు. కాగితం మీద చూస్తే గుర్తుపడతాడు, గాల్లో వస్తే గుర్తుపట్టలేడు. నలభై ఏళ్లు అక్షరాన్ని కంటితో తప్ప పట్టుకోని మనిషి. పెళ్లిలో తప్పిపోయిన పిల్లాడిలా మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. నాకు ఏడుపొచ్చింది.

"మీరూ నాతోపాటు వినండి. పుస్తకం కాసేపు పక్కన పెట్టండి" అంది అమ్మ మెత్తగా.

"వ్యాకరణం పూర్తికానీ. పునాది లేకుండా ఎలా?" అని వెళ్లిపోయాడు.

ఎండలు తగ్గుముఖం పడుతుండగా ఆవిడ దగ్గర్నించి ఇంకో మెసేజ్ వచ్చింది. అమ్మ రెండుసార్లు విని మాకు చెప్పింది. కొట్టు అమ్మేసింది. ఈ నెలాఖరుకి ముసలివాళ్లుండే చోటుకి వెళ్లిపోతోంది. ఫోన్ కొట్టుతోపాటే పోతుంది. వెళ్లేముందు ఒక ఆదివారం పొద్దున్న మాతో మాట్లాడతానంది.

నాన్న వ్యాకరణం సగం కూడా కాలేదు. ఇక మిగతాది వదిలేసి తన ప్రశ్న ఒక్కటే పట్టుకున్నాడు. చివరి రోజుల్లో మా అమ్మాయి నా గురించి ఏమైనా చెప్పిందా? దాన్ని పుస్తకం చూసి ఆయనే తయారుచేశాడు. ఒక్క తప్పు లేదు, నేను చూశాను. నడుస్తూ, స్నానం చేస్తూ, ప్రెస్సుకి వెళ్తూ అదే వల్లించాడు. అమ్మ ఎంత చెప్పినా ఒక్క అక్షరం మింగలేదు.

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఫోన్‌లో మనిషి కనపడదు నాన్నా అంటే, "నాకు నేను కనపడతానుగా" అన్నాడు. బల్ల మీద అన్నీ తీసేసి మధ్యలో నా ఫోన్ పెట్టాం. పక్కన అమ్మ పాత ఫోన్ రికార్డు చెయ్యడానికి. ఒక్క మాట కూడా పోకూడదని నాన్న ఆజ్ఞ.

ముసలావిడ గొంతు వినగానే అమ్మ పెదవి కొరుక్కుంది. రోజూ వినే గొంతే, కానీ ఇప్పుడు అవతల మనిషి ఉంది. నాన్న నిటారుగా కూర్చుని బోన్‌జూర్ అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత తన ప్రశ్న అడిగాడు, నెమ్మదిగా, అక్షరం అక్షరం, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు.

"ఆఁ?" అంది ఆవిడ.

మళ్లీ అడిగాడు. ఆవిడ ఏదో అంది, అర్థం కాలేదన్నట్టుగా, పాపం మర్యాదగానే. మూడోసారి గొంతు పెంచి అడిగాడు. చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. అమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. ఫోన్ మీదకి వంగి, "జె స్వీ సా మేర్" అంది. నేను దాని అమ్మని.

ఆవిడ "ఓ" అని ఒక్క మాట అని ఏడ్చేసింది. ఆ ఏడుపు తగ్గాక అమ్మ, నాన్న ప్రశ్నని తనే అడిగింది. అవే మాటలు. అమ్మ నోట్లోంచి వస్తుంటే నీళ్లలా వచ్చాయి.

అప్పుడు ముసలావిడ చెప్పింది. అక్కకి ఆ భాష నేర్పింది ఆవిడే కాబట్టి కొత్తవాళ్లతో ఎలా మాట్లాడాలో ఆవిడకి తెలుసు. చిన్న చిన్న మాటలు, ఒక్కోటి రెండేసిసార్లు. మధ్యలో నవ్వింది. మళ్లీ ఏడ్చింది. మళ్లీ నవ్వింది. నా గుర్రాలూ యాపిల్ పళ్లూ ఎక్కడా రాలేదు. నాకు దొరికినవి కొన్నే. పాపా, అంటే నాన్న. గొంతు. తెలెఫోన్. తెలెఫోన్ అనే మాట రెండు మూడుసార్లు వచ్చింది. అది వచ్చిన మొదటిసారి నాన్న మణికట్టు మీద అమ్మ చెయ్యి సడలింది. తర్వాత మళ్లీ బిగిసింది.

నాన్న ఫోన్‌కేసి కాకుండా అమ్మ ముఖంకేసి చూస్తూ కూర్చున్నాడు, అక్కడ ఏదైనా అచ్చయి కనపడుతుందేమో అన్నట్టు. అమ్మ ముఖంలో ఏమీ కనపడలేదు. "మెర్సీ" అంది చివర్లో. మళ్లీ "మెర్సీ" అంది. ఇంకేమీ అడగలేదు.

ఫోన్ పెట్టేశాక నాన్న, "ఏమంది?" అన్నాడు.

అమ్మ లేచి మంచినీళ్లు తాగి వచ్చింది. "మిమ్మల్నే తలుచుకుందట. గొంతులో గొట్టం వేశారట, మాట్లాడలేకపోయింది. మీ గొంతు వినాలనుందని సైగ చేసిందట."

"తిట్టుకోలేదా?"

"లేదండీ."

"నిజంగా?"

"నా కూతురి మాట నేనెందుకు మారుస్తాను?"

నాన్న రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అక్క పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. రెండేళ్లుగా కట్టిపెట్టుకున్నదంతా తెగింది. చాలాసేపటికి తల ఎత్తి, ఇస్త్రీ చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకుని, "ఒక్క ఫోన్ చేయించి ఉంటే సరిపోయేదిగా. ఆవిడ చేతే చేయించి ఉంటే. ఎంత కోపమున్నా, నా కూతురు ఫోను నేను ఎత్తనా?" అన్నాడు.

"ఎత్తేవారు" అంది అమ్మ. "ఎందుకెత్తరు?"

మధ్యాహ్నం నాన్న పడుకున్నాక, అమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వెళ్లాను. క్లిప్పులు అందిస్తూ, "అమ్మా, ఆవిడ తెలెఫోన్ అంది" అన్నాను.

అమ్మ తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. దాని వెనక అమ్మ ముఖం కనపడలేదు.

"చేయించింది" అంది. "చివరి రోజుల్లో. ఆయన నెంబరు ఆవిడ అరచేతిలో వేలితో రాసి ఆవిడ చేత చేయించింది. ఆవిడ స్పీకరు పెట్టి దాని చెవి పక్కన పెట్టిందట. ఆయన ఎత్తారు. ఆవిడ చెప్పుకుంది, మీ అమ్మాయి ఇక్కడుందీ అని. ఆయనకేం అర్థమవుతుంది? ఏదో కోప్పడి పెట్టేశారు."

నా చేతిలో క్లిప్పులు అలాగే ఉండిపోయాయి. నాకు గుర్తొచ్చింది. చలికాలంలో ఒక సాయంత్రం నాన్న ప్రెస్సు నుంచి వచ్చి, ఎవరో అర్థంకాని భాషలో ఫోన్ చేసి విసిగించారని, అమ్మకాల వాళ్లై ఉంటారని, పనీపాటా లేదా అని నాలుగు అంటించానని చెప్పాడు. మేం ముగ్గురం నవ్వుకున్నాం కూడా.

"అది విందా?"

"విందట. ఆయన గొంతు వినగానే నవ్విందట. నవ్వుతూ ఏడ్చిందట. ఇంకోసారి చెయ్యమని సైగ చేసిందట. రెండోసారి మోగి మోగి ఊరుకుందట. మర్నాటికి దానికి స్పృహ లేదు." అమ్మ దుప్పటి అంచు సరిచేసింది. "ఆవిడ ఇదంతా మంచి మాటగానే చెప్పిందే. నాన్న గొంతు విని హాయిగా పడుకుంది, ఆ సంగతి ఆయనకి తప్పకుండా చెప్పు అంది."

"మరి చెప్పకూడదా?"

"చెప్తే ఆయన ఏం వింటారు? అది నవ్విందని వింటారా, తను పెట్టేశానని వింటారా?"

ఆ ఎండలో నిలబడి ఏడ్చాను. అక్క కోసం ఏడ్చానో, నాన్న కోసం ఏడ్చానో, ఈ రెండింటినీ కడుపులో పెట్టుకుని దుప్పట్లు ఆరేస్తున్న అమ్మ కోసం ఏడ్చానో తెలీదు. అమ్మ మాత్రం ఏడవలేదు. "క్లిప్పు ఇలా ఇవ్వు" అంది.

"ఆ రికార్డు తీసేస్తాను."

"వద్దు" అంది గబుక్కున. "దాని నవ్వు సంగతి ఉంది అందులో. ఇంకెక్కడా లేదు."

మూడు నాలుగు రోజులు నాన్న తేలికపడ్డట్టే ఉన్నాడు. అన్నం తిన్నాడు. అక్క మంచం మీది యూనిఫారాలు తీయించి దుప్పటి పరిపించాడు. తర్వాత ఒక సాయంత్రం వచ్చి అమ్మ మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బడికెళ్లే పిల్లాడిలా బుద్ధిగా ఉన్నాడు.

"నాదే పొరపాటోయ్" అన్నాడు. "నీ పద్ధతే సరైనది. చెవితోనే నేర్చుకోవాలి. నీ పాఠాలు నాకూ వినిపించు. మొదటి నుంచి మొదలుపెడతాను. ఏడాది పట్టనీ, రెండేళ్లు పట్టనీ. ఆ రికార్డు ఉందిగా. ఎప్పటికైనా దాన్ని నేనే విని, ఆవిడ చెప్పిందంతా మాట పోకుండా నేనే అర్థం చేసుకుంటాను. నువ్వు చెప్పలేదని కాదు. నువ్వు చెప్పింది చాలు నాకు. అయినా..."

"అయినా మీకు మొత్తం కావాలి" అంది అమ్మ.

"అవును. మొత్తం కావాలి."

అమ్మ చక్రం మీద చెయ్యి ఆనించి మిషను ఆపింది. కిటికీలో పాత ఫోన్ పాఠం చెప్పుకుపోతోంది. మగాయన అన్నాడు, ఆడావిడ అంది, ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ చెయ్యి చాపి దాన్ని కట్టేసింది.

"మీకు ఇది పడదండీ" అంది. "ఎవరి పద్ధతి వాళ్లది. మీది కంటి చదువు. ఈ వయసులో చెవి మారదు. పుస్తకమే చూడండి. మీరన్నట్టు, పునాది ఉండాలిగా."

"ఆ రోజు అన్నీ సరిగ్గానే అడిగినా ఆవిడకి అర్థం కాలేదుగా?"

"ఆవిడ ముసలావిడ. చెవుడు కూడా ఉందేమో. మీ ఫ్రెంచిలో తప్పు లేదు."

నాన్న ముఖంలోకి వెలుగు వచ్చింది. ఎండాకాలమంతా ఆ మాట కోసమే కూర్చున్నట్టున్నాడు. "చూశావా, చివరికి మీ అమ్మ నా దారికే వచ్చింది" అన్నాడు, నాకేసి తిరిగి. లేచి వెళ్లి వ్యాకరణం తెచ్చుకున్నాడు. మళ్లీ మొదటి పాఠం తీశాడు. పెన్సిలు పట్టుకుని, ప్రతి మాట కిందా గీస్తూ, పలకాల్సినవీ పలకకూడనివీ ఒక్క అక్షరం వదలకుండా, పైకి చదవడం మొదలుపెట్టాడు.

అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు. దారం కొస తడిచేసుకుని మళ్లీ ప్రయత్నించింది.

"సరిగ్గా పలుకుతున్నానా?" అన్నాడు నాన్న మధ్యలో ఆగి.

"సరిగ్గానే ఉంది" అంది అమ్మ. "అలాగే కానివ్వండి."